సాలూరి రాజేశ్వరరావు గారు: హార్మోనియము మెట్ల నుండి మహా వాద్యబృందము వరకు



గత ఉగాది నాడు మన ఆలయ మండపములో పిల్లల కార్యక్రమము జరిగినది. పదునాలుగేండ్ల బాలిక ఒకతె ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద చందమామను పిలుచు ఒక పాత పాటను చక్కగా వాయించినది. అది తమిళ పాట అని ఆ బిడ్డ చెప్పినది. ఇంటిలో తమిళ రేడియో విని నేర్చుకొన్నదట. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మ మాత్రము అదే పాటను తెలుగు మాటలతో తనలో తాను పాడుకొనుచున్నారు. ఇది తెలుగు పాటా, తమిళ పాటా అను వాదము భోజనాల పంక్తి వరకు సాగినది. ఇరువురిదీ నిజమే. ఆ పాట 1955లో తెలుగున మిస్సమ్మగాను, తమిళమున మిస్సియమ్మగాను వచ్చిన చిత్రములోనిది. రెండింటికీ బాణీ ఒక్కటే. అయితే ఆ బాణీ కట్టినది ఎవరు, ఆ గొంతుల వెనుక అన్ని వాద్యములను అమర్చినది ఎవరు అని ఒక యువకుడు అడిగినప్పుడు మా కమిటీలో ఒక్కరమూ చెప్పలేకపోయినాము. సమాధానము తెలిసిన తరువాత మాకు సిగ్గు మరింత పెరిగినది. ఆయన మన తాతముత్తాతల జిల్లా వారే. కావున ఈ మాసము సాలూరి రాజేశ్వరరావు గారి జీవితమును మీ ముందు ఉంచుచున్నాము.

బాణీ అనగా పాట నడిచే రాగపు దారి. కవి మాటలు ఇచ్చును, గాయకుడు గొంతు ఇచ్చును. ఆ మాటలు ఏ స్వరముల మీద నడవవలెనో నిర్ణయించువాడు సంగీత దర్శకుడు. పల్లవికి, చరణమునకు నడుమ వేణువు పలకవలెనా, వయొలిన్లు పలకవలెనా, పియానో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగవలెను అని కూర్చుట మరొక విద్య. దానిని వాద్యసమ్మేళనము అందురు. వినువారు పాడినవారి పేరు గుర్తుంచుకొందురు, వెండితెరపై కనిపించినవారి పేరు అంతకంటె ఎక్కువగా గుర్తుంచుకొందురు. సమ్మేళనము చేసినవారి పేరు మాత్రము రికార్డు మీది చిన్న అక్షరములలోనే మిగిలిపోవును.

రాజేశ్వరరావు గారు 1922లో సాలూరు సమీపమున ఉన్న శివరామపురములో జన్మించినారు. నాడు అది విశాఖపట్టణము జిల్లా. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. వేగావతి నది ఒడ్డున, మన్యపు కొండల అంచున ఉన్న ఊరు సాలూరు. ఆ ప్రాంతపు పల్లెల నుండియే మనవారు అనేకులు విశాఖ, కాకినాడ రేవులలో ఓడలెక్కి ఈ మలయా దేశమునకు వచ్చి, దిగువ పేరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరితోటలలోను, రబ్బరు తోటలలోను స్థిరపడినారు. మనవారు ఇచ్చట చెట్లకు గాట్లు పెట్టి పాలు పట్టుచున్న రోజులలోనే అచ్చట ఈ బాలుడు మృదంగము పక్కన కూర్చుండి తాళము వేయుచున్నాడు.

తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు. పాటలు కూడ వ్రాసెడివారు. పిల్లవానికి బడి చదువుకంటె ముందు లయజ్ఞానము అబ్బినది. తబలా, డోలక్, మృదంగము, హార్మోనియము చిన్ననాడే చేతికి వచ్చినవి. వయసు పదేండ్లు దాటీదాటకముందే హచిన్స్ గ్రామఫోను సంస్థవారు ఆయన గొంతును రికార్డు చేసినారు. ఆ రికార్డులు విన్నవారు మద్రాసుకు పిలిపించినారు. 1935లో వేల్ పిక్చర్స్ వారి శ్రీకృష్ణలీలలు చిత్రములో ఆయన బాలకృష్ణుడు. కంసుడు వేమూరి గగ్గయ్య గారు. గగ్గయ్య గారి కంఠము ఆ రోజులలో రంగస్థలమును దద్దరిల్లజేసిన కంఠము. దాని యెదుట పదమూడేండ్ల పిల్లవాడు నిలిచి పాడవలెను. నాటికి నేపథ్యగానము లేదు, నటించువాడే అక్కడికక్కడ పాడవలెను. మరుసటి యేడు మాయాబజార్‌లో అభిమన్యుని వేషము వేసినారు. ఇది అందరెరిగిన 1957 నాటి మాయాబజార్ కాదు, అంతకు ఇరువదియేండ్ల ముందు వచ్చినది.

బాలనటులకు గొంతు మారు వయసు గడ్డుకాలము. పాడుటయే జీవనమైన పిల్లవానికి అది మరింత కష్టము. రాజేశ్వరరావు గారు ఆ కాలమున కలకత్తా చేరినారు. మా అభిప్రాయములో ఆయన జీవితమంతటిలోను ముఖ్యమైన మలుపు ఇదియే. అచ్చట కె.ఎల్. సైగల్ గారి వద్ద హిందుస్థానీ సంగీతము నేర్చుకొన్నారు. న్యూ థియేటర్స్‌లో ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్ గార్లు సంగీతము కూర్చుచున్న కాలమది. పియానో, ఆర్గన్, వయొలిన్ల గుంపు మొదలగు పాశ్చాత్య వాద్యములను మన రాగములకు ఎట్లు లొంగదీయవచ్చునో ఆ ఇరువురు చూపినారు. దక్షిణాదిలో నాటకపు హార్మోనియము, తబలా, ఫిడేలు మాత్రమే పాట వెంట నడచుచున్న రోజులవి. పాట వెనుక ఒక లోకమే ఉండవచ్చునని ఆ యువకునకు కలకత్తాలో తెలిసినది.

మద్రాసుకు తిరిగి వచ్చి సొంతముగా ఒక వాద్యబృందమును కూర్చుకొన్నారు. 1939లో జయప్రద చిత్రముతో స్వతంత్ర సంగీత దర్శకులైనారు. అప్పటికి వయసు ఇరువది నిండలేదు. 1940లో గూడవల్లి రామబ్రహ్మము గారి ఇల్లాలు చిత్రమునకు సంగీతము కూర్చుటయేగాక అందులో నటించినారు, పాడినారు. తోడుగా పాడినది ఆర్. బాలసరస్వతీదేవి గారు. ఆ జంట తరువాత గ్రామఫోను రికార్డులకు పాడిన పాటలు సినిమాలతో పనిలేకుండ తెలుగుదేశమంతట మ్రోగినవి. చల్లగాలిలో, కోపమేల రాధా, తుమ్మెదా ఒకసారి మొదలగునవి ఆ కోవలోనివి. ఆయన ఒంటరిగా పాడిన పాట పాడుమా కృష్ణా కూడ ఆ కాలపుదే.

ఈ పాటలను లలిత గీతములందురు. లలితము అనగా సుకుమారమైనది. ఇవి కచేరీ కీర్తనలు కావు, నాటక పద్యములు కావు, పొలములో పాడు జానపదములును కావు. మూడు నిమిషములలో ముగిసి, ఇంటింట గ్రామఫోను మీద తిరిగి, విన్నవారి నోట మరునాటికి నిలిచిపోవు పాటలు. ఇంగ్లీషువారు పాప్ సంగీతము అను దానికి మన భాషలో తొలి రూపము ఇదియే అని మేము తలంచుచున్నాము. పండితులు ఒప్పుకొనకపోవచ్చును. మా ఎస్టేటులో ఒక కంగాణి ఇంట చేతితో త్రిప్పు గ్రామఫోను ఉండెడిది. అరిగిపోయి గీరుచున్న రికార్డులు నాలుగైదు ఉండెడివి. అందులో ఏవి వీరివో నాడు చదువుకొనుటకు మాకు తెలుగు అక్షరములు రావు.

ఇచ్చట హార్మోనియమును గూర్చి ఒక మాట. సినిమా పాట ఎంత పెద్ద బృందముతో మ్రోగినను అది మొదట పుట్టినది ఒక చిన్న గదిలో, చాప మీద, హార్మోనియపు మెట్ల మీదనే. కవి ఎదుట కూర్చుండును, సంగీత దర్శకుడు ఎడమచేత తిత్తి ఊదుచు కుడిచేత స్వరములు వెదకును. శాస్త్రీయ విద్వాంసులకు ఈ పెట్టె మీద గౌరవము తక్కువ. కారణము లేకపోలేదు. మెట్ల వాద్యములో స్వరమునకు స్వరమునకు నడుమ జారుట కుదరదు. మన రాగములకు ప్రాణమైన గమకము పలుకదు. ఆలిండియా రేడియోవారు 1940లో దీనిని తమ కేంద్రముల నుండి నిషేధించి ముప్పదియేండ్ల వరకు రానీయలేదు. ఆ ముప్పదియేండ్లలోనే రాజేశ్వరరావు గారి వంటివారు అదే పెట్టె మీద వందల పాటలు కట్టినారు. మెట్ల మీద పలుకని గమకమును గాయకుని గొంతులోను, సితారులోను, వయొలిన్‌లోను రాబట్టినారు. హార్మోనియమే కాక ఆయనకు సితార్, సుర్‌బహార్, పియానో, గిటారు మొదలైనవి కూడ వచ్చును. తానే వాయింపగలవాడు కనుక ఏ వాద్యము ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఎరిగి స్వరములు వ్రాసెడివారు.

తరువాత జెమినీ స్టూడియో. ఎస్.ఎస్. వాసన్ గారి సంస్థలో చేరి 1942 నాటి బాలనాగమ్మకు ఎం.డి. పార్థసారథి గారితో కలసి పనిచేసినారు. అటుపై చంద్రలేఖ. 1943లో మొదలుపెట్టి అయిదేండ్లు తీసిన తమిళ చిత్రమది. 1948లో విడుదలైనది. దాని చివర పెద్ద పెద్ద నగారాలపై నర్తకులు ఆడుదురు, ఆ నగారాలలో సైనికులు దాగియుందురు. మన పెద్దలలో దానిని చూడనివారు అరుదు. సంగీతములో పలువురి చేయి ఉన్నది, అందు ప్రధానుడు రాజేశ్వరరావు గారు. కర్ణాటక, హిందుస్థానీ పద్ధతులతో పాటు సర్కసు బాజా, జిప్సీల పాట, లాటిన్ అమెరికా లయలు అన్నియు ఒకే చిత్రములో వినిపించును. ఇన్ని రుచులు ఒక విస్తరిలో వడ్డించుట ఆయనకు అక్కడ బాగుగా అలవడినది. నెల జీతముపై పెద్ద బృందము చేతిలో ఉండుట వలన ఏ వాద్యమును దేనితో కలిపిన ఎట్లుండునో పరీక్షించుకొనుటకు వీలు కలిగినది. అట్టి తీరిక తరువాతి కాలపు సంగీత దర్శకులకు దొరకలేదు.

ఇక మల్లీశ్వరి. బి.ఎన్. రెడ్డి గారు తీసిన ఈ చిత్రము 1951లో వచ్చినది. శ్రీకృష్ణదేవరాయల కాలపు కథ. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు తొలిసారిగా సినిమాకు పాటలు వ్రాసినారు. భానుమతి, ఘంటసాల గార్లు పాడినారు. పాటలకు నెలల తరబడి శ్రమించినారు. వాద్యబృంద నిర్వహణలో అద్దేపల్లి రామారావు గారు తోడుగా నిలిచినారు. ఆయన పేరును కూడ చెప్పకుండుట న్యాయము కాదు. ఒక్క రాజేశ్వరరావు గారినే పొగడి వారిని మరచినచో మేము పైన చెప్పిన తప్పునే మేము చేసినవారమగుదుము. ఈ చిత్రమును చైనాలో కూడ చైనా భాషలో మాటలు అచ్చువేసి చూపినారు.

నేటి పిల్లలకు తెలియవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆ రోజులలో పాట రికార్డు చేయుట అనగా గాయకులు, వాద్యకారులు అందరు ఒకే గదిలో, ఒకే సమయమున, మొదటి నుండి చివరి వరకు ఆగక వాయించుట. ఒక్కొక్క వాద్యమును వేరువేరుగా తీసి తరువాత కలుపుట లేదు. పన్నెండవ వయొలిన్ ఒక స్వరము తప్పినచో మరల మొదటికి రావలెను. వేణువు మెల్లగా వినిపించవలెనన్న మీట త్రిప్పుట కాదు, ఆ వేణువువానిని మైకుకు దూరముగా కూర్చుండబెట్టవలెను. అందుచేత సమ్మేళనము చేయువానికి రాగజ్ఞానముతో పాటు ఎవరిని ఎచ్చట కూర్చుండబెట్టవలెనో తెలిసియుండవలెను. మల్లీశ్వరిలో బావ పాడినది మేఘము ద్వారా మరదలికి చేరు పాటను మరల వినండి. ఒక్క వాద్యమును మరొకటి మింగదు. గొంతు పైన తేలును, క్రింద నీరు కదలినట్లు వాద్యములు కదలును.

1954లో విప్రనారాయణ, మరుసటి యేడు మిస్సమ్మ వచ్చినవి. మిస్సమ్మను విజయా సంస్థవారు తెలుగు, తమిళములలో ఒకేసారి తీసినారు. తెలుగు మాటలు పింగళి నాగేంద్రరావు గారివి, తమిళ మాటలు తంజై రామయ్యదాసు గారివి. రెంటను ఏ.ఎం. రాజా, పి. లీల, పి. సుశీల గార్లు పాడినారు. సుశీల గారిది విజయనగరము, సాలూరునకు దగ్గరి ఊరే. మన ఎస్టేటు ఇండ్లలో వినిపించినది తమిళ రూపము. మలయా రేడియోలో తమిళ ప్రసారములు ఎక్కువ, తెలుగు పాట చెవినబడుట పండుగ వంటిది. అందుచేత మన తరమువారు మన జిల్లా మనిషి కట్టిన బాణీలను పొరుగువారి సొత్తనుకొని పెరిగినాము. తమిళ సోదరులపై మాకు ఫిర్యాదు లేదు. వారు దానిని ప్రేమతో దాచినారు కాబట్టియే ఆ బాలికకు అందినది. ఆ చిత్రమును 1957లో హిందీలో మిస్ మేరీగా తీసినప్పుడు సంగీత దర్శకులు హేమంత కుమార్ గారు. ఐనను బృందావనమును గూర్చిన పాటకు మాత్రము రాజేశ్వరరావు గారి బాణీనే ఉంచినారు.

అట్లని ఆయన ఎవరి వద్దను తీసుకొనలేదని మేము చెప్పబోము. 1962 నాటి ఆరాధన చిత్రము సాగరిక అను బెంగాలీ చిత్రమునకు తెలుగు రూపము. అందులో ఘంటసాల గారు పాడిన నా హృదయంలో నిదురించే చెలీ బెంగాలీ మూలపు బాణీనే అనుసరించినది. ఆ రోజులలో నిర్మాతలు మూలకథతో పాటు నచ్చిన బాణీని కూడ కోరుట వాడుక. కొందరు దీనిని దొంగతనమందురు. మేము ఆ మాట అనము, దాచను దాచము. బాణీ పరాయిదే, కాని తెలుగు మాటల బరువునకు తగినట్లు ఆ పాటను మలచిన తీరు ఆయనదే. రెండు పాటలను పక్కపక్కన పెట్టి వినినచో ఇది తెలియును.

1958 నుండి పదేండ్లు ఆయనకు ఊపిరి సలుపని పని. ఆ చిత్రములన్నింటి పేర్లు వ్రాయుట వృథా. అయితే ఒకే మనిషి ఎన్ని వేషములు వేసినాడో చూడండి. చెంచులక్ష్మిలో అడవి పాట. మన్యపు అంచున పెరిగిన చెవి దానికి సాయపడినదని మా ఊహ. అప్పుచేసి పప్పుకూడులో హాస్యము. భీష్మలో పౌరాణిక గాంభీర్యము. భార్యాభర్తలులో కారు నడుపుచు పాడు హుషారు పాట, అదే చిత్రములో వీణ వలె మెల్లగా పలుకు మరొక పాట. అమరశిల్పి జక్కన్నలో నాట్యము, డాక్టర్ చక్రవర్తిలో లలిత గీతపు సుకుమారము, 1967 నాటి భక్తప్రహ్లాదలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నారదుడై పాడిన గానము. నేటివారు ఒక సంగీత దర్శకుని పాటను మొదటి అయిదు క్షణములలో గుర్తుపట్టుదురు. వీరి పాటను అట్లు గుర్తుపట్టుట కష్టము. పాటకు ఏమి కావలెనో అది ఇచ్చి తాను తప్పుకొన్నారు. ఆయన పేరు మనకు చేరకపోవుటకు ఇది కూడ ఒక కారణమేమో.

1970 తరువాత కాలము మారినది. చిత్రములు వేగముగా తయారు కావలసివచ్చినది. ఒక్క పాటకు వారముల తరబడి కూర్చొను ఓపిక నిర్మాతలకు లేదు. కొత్త సంగీత దర్శకులు వచ్చినారు. రాజేశ్వరరావు గారికి పని తగ్గినది, పూర్తిగా ఆగలేదు. 1977లో కురుక్షేత్రము చేసినారు. 1986లో అరువది దాటిన వయసున దాసరి నారాయణరావు గారి తాండ్ర పాపారాయుడునకు సంగీతము ఇచ్చినారు. అది బొబ్బిలి యుద్ధపు కథ. బొబ్బిలి సాలూరునకు పొరుగు సంస్థానము. చిన్ననాడు తండ్రి మృదంగముతో పాటు ఆ యుద్ధపు బుర్రకథలను కూడ విని పెరిగియుందురు.

1992లో రఘుపతి వెంకయ్య పురస్కారము లభించినది. 1999 అక్టోబరులో కన్నుమూసినారు.

ఆయన అన్న హనుమంతరావు గారు కూడ సంగీత దర్శకులే. కుమారులలో రామలింగేశ్వరరావు గారు పియానోకు, ఎలక్ట్రిక్ ఆర్గన్‌కు మద్రాసు స్టూడియోలలో పేరుపొందినారు. పూర్ణచంద్రరావు గారు గిటారు వాయించెడివారు. మరొక కుమారుడు కోటేశ్వరరావు గారు కోటి అను పేరుతో, టి.వి. రాజు గారి కుమారుడు రాజ్ గారితో జంటకట్టి 1980ల తెలుగు పాటకు కొత్త ఊపు తెచ్చినారు. ఆ రాజ్-కోటి బృందములో కొన్నేండ్లు కీబోర్డు వాయించిన కుర్రవానిని నేడు లోకమంతయు ఏ.ఆర్. రహ్మాన్ అని ఎరుగును.